కర్రల సంచి

"ఆలస్యం చెయ్యకు, అభిషేకం వేళకి నీళ్ళుండాలి" అన్నారు మా ఆయన బండి స్టార్ట్ చేస్తూ. పద్దెనిమిదేళ్ళుగా రోజూ వినే మాటే. నేను బావి గట్టు మీద తడిచీరతో నిలబడి ఇత్తడి బిందె చంకన పెట్టుకున్నాను. ఆయన కొండ వెనకవైపు పడ్డ కొత్త రోడ్డు మీద పది నిమిషాల్లో గుడి చేరతారు. నేను ముందువైపు కాలిబాటన ముప్పావుగంట ఎక్కుతాను. స్వామి అభిషేకానికి నీళ్ళు కింది బావి నుంచే, మడితో, నడిచే రావాలి. బండెక్కిన నీళ్ళు మైల. రోడ్డు పడ్డ ఏడాది అడిగాను, మీరే బండి మీద తీసుకెళ్ళొచ్చుగా అని. శాస్త్రం తెలియనివాళ్ళు నోరు మూసుకుంటే పుణ్యం అన్నారు. బండెక్కిన పూజారి మాత్రం పైకెళ్ళి పంచె మార్చుకుంటే సరిపోతుంది. మధ్యాహ్నం ఖాళీ బిందె అదే బండి మీద కిందికి దిగుతుంది. ఖాళీ బిందెకి ఏ మైలా లేదట.

నాకు నరసింహస్వామి అంటే భక్తి. మా నాన్న చెయ్యి పట్టుకుని ఎక్కిన కొండ ఇది. ఎనిమిదో తరగతితో చదువాగిపోయినదాన్ని, శాస్త్రం నాకు తెలియదు నిజమే. కానీ నీళ్ళకి ఒక రకం మడి, పూజారికి ఒక రకం, పూజారి పెళ్ళానికి ఒక రకం ఎందుకయ్యాయో ఆ స్వామినే అడుగుతూ ఎక్కుతుంటాను.

నా మోకాళ్ళని తినేసింది ఎక్కడం కాదు, దిగడం. బిందె పైన దించేసరికి ఏడవుతుంది. ఎనిమిదింటికి పిల్లల స్కూలు బస్సు. ఈలోగా క్యారేజీలు కట్టాలి, మా అత్తగారు సుబ్బరావమ్మగారికి కాఫీ ఇవ్వాలి. అందుకని ఆ రాళ్ళ బాటన, జారే కంకర మీద, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని పరుగెత్తుతాను. ముప్పై తొమ్మిదేళ్ళకి మెట్టు దిగాలంటే గోడ పట్టుకునే స్థితి వచ్చింది. ఒంగోలు డాక్టరు ఫోటో తీయించి చూసి, కొండ మానమన్నాడు. మానలేనంటే, దిగేటప్పుడు చేతికొక కర్ర చొప్పున రెండు కర్రలు ఆనించుకుని దిగమన్నాడు. లేకపోతే రెండేళ్ళలో నేల మీద కూర్చుంటే లేవలేవమ్మా అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వారు. "రెండు చేతుల్లో రెండు కర్రలా? ఇక నాలుగు కాళ్ళ మీద నడుస్తావన్నమాట." అత్తగారు కాఫీ పొలమారేదాకా నవ్వారు. ఆ గ్లాసు కడిగింది కూడా నేనే.

సన్నటి వెదురు కర్రలు రెండు కోయించుకున్నాను. తీరా చూస్తే చిక్కు ఇంకోచోట. కర్రలు దిగేటప్పుడు కావాలి, కానీ ముందు అవి పైకి చేరాలి కదా. ఎక్కేటప్పుడు ఎడమ చంకన బిందె, కుడిచేతిలో నైవేద్యం గిన్నె. దిగేటప్పుడైనా సగం దారిలో గుర్రపు బండ అనే నున్నటి రాతి దగ్గర రెండు చేతులతో రాయి పట్టుకుని జారాలి, అప్పుడు కర్రలు ఒంటి మీదే ఎక్కడో దోపుకోవాలి. మొదటిరోజు నడుముకి దోపాను. అడుగడుక్కీ పిక్కల మీద కొట్టాయి. రెండోరోజు తువ్వాలుతో వీపుకి అడ్డంగా కట్టాను. బాటకి రెండువైపులా రేగుకంపే, ఈ చివరో ఆ చివరో తగులుకుని నన్ను వెనక్కి లాగేవి. ముడి విప్పడానికి బిందె దించాలి, దించితే మడి పోయింది, మళ్ళీ కిందికి పోయి నీళ్ళు తోడాలి. మూడోసారి ఒక గోనె కోసి పొడవాటి సంచిలా ముడేసి వీపున తగిలించుకున్నాను. మా ఇంట్లో గోనె అంటే మిరప గోనే. నాలుగు నీళ్ళలో ఉతికాను, ఎండలో ఆరేశాను. కొండ సగానికి చెమట పట్టేసరికి వీపంతా నిప్పంటుకుంది. రెండు చేతులూ బిందెకీ గిన్నెకీ అప్పగించి ఏడుస్తూ ఎక్కాను, స్వామి ముందు కళ్ళనీళ్ళు చూసి ఎవరో భక్తురాలు నాకు దణ్ణం పెట్టింది.

మిరపకాయల గోడౌన్లో టిక్కీల, అంటే మిరప బస్తాల, మూతులు కుట్టే జైనాబీ ఈ సంగతి విని నెత్తి కొట్టుకుంది. "మిరప గోనె పదేళ్ళు ఉతికినా ఘాటు చావదమ్మగారూ, నా చేతులడగండి" అంది. మా పాత మంచం నవారు తెమ్మంది. నన్ను నిలబెట్టి, వంగమని, పరుగెత్తమని, వీపు మీద జానలతో కొలిచింది. దబ్బనంతో రెండు సాయంత్రాలు కుట్టింది. కర్రల మొనలు ఎడమ నడుము దగ్గర అడుగున కూర్చుంటాయి, తలలు కుడి భుజం వెనక నిలుస్తాయి. భుజం మీదుగా ఒక పట్టీ, నడుము చుట్టూ ఒకటి. నడుము పట్టీ బిగిస్తే పరుగులో కూడా ఊగవు. చెయ్యి వెనక్కి పోనిస్తే కర్ర అందుతుంది, ఆగకుండా మళ్ళీ దోపుకోవచ్చు. గుర్రపు బండ దగ్గర మొదటిసారి భయం లేకుండా జారాను. నెల తిరిగేసరికి రాత్రిళ్ళు మోకాళ్ళకి ఆముదం పట్టించడం మానేశాను.

అత్తగారికి అప్పుడు మడి గుర్తొచ్చింది. మడిచీర మీద కుట్టుగుడ్డ ఏమిటి, అందులోనూ జైనాబీ కుట్టిందట అని. నైవేద్యం బియ్యం బస్తా మూతి ఎవరు కుట్టారో ఆవిడ ఏనాడూ అడగలేదు.

కార్తీకమాసంలో గుడి కమిటీ మా ఆయనకి సన్మానం పెట్టింది. నేను గుడి పక్కన పొగచూరిన వంటపాకలో విస్తళ్ళలో పులిహోర పెడుతున్నాను. కమిటీ ప్రెసిడెంటు రామాంజనేయులుగారు మైకులో చెబుతున్నారు, రాధాకృష్ణమూర్తిగారు పద్దెనిమిదేళ్ళుగా కాలినడకన, తన భుజాన స్వామికి తీర్థం మోస్తున్నారని. తల తిప్పి చూశాను. ఆయన కాదనలేదు. శాలువా కప్పుతుంటే కళ్ళు తుడుచుకున్నారు. ఆయన నిజంగానే ఏడుస్తున్నారని, ఆ మాట తనే నమ్మేశారని అర్థమయ్యాక నా చేతికంటిన పులిహోర నూనె కూడా రోత పుట్టించింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి విడిచిన పంచెలు ఉతికాను. ఈ మనిషి తిన్న ఆకు ఎత్తాను. అసహ్యం ఆయన మీదేనా, ఇంతకాలం నోరెత్తని నా మీదా అని కూడా ఆలోచించాను. ఇంటికొచ్చాక అడిగితే, "నువ్వు మోస్తే నేను మోసినట్టు కాదూ? భార్యాభర్తలు వేరా?" అన్నారు, శాలువా మడతపెట్టి దాచమని నా చేతికిస్తూ. వేరు కాకపోతే నా మోకాళ్ళ నొప్పి ఆయనకెందుకు రాలేదో మరి.

మర్నాడు పొద్దున్న ఆయన బండి స్టార్ట్ చెయ్యలేదు. బావి దగ్గరికొచ్చారు. నిన్న సన్మానం అయ్యాక నేను దిగుతుంటే రామాంజనేయులుగారు నా వీపు మీద సంచి చూసి, అదెందుకో కనుక్కుని, నీళ్ళు మోసేది అమ్మగారా అని ఆయన్ని అడిగారట.

"ఆ సంచి తీసెయ్ శ్యామలా. కుట్టుగుడ్డ తగిలిన నీళ్ళు స్వామికి పనికిరావు. సంచో, నీళ్ళో, తేల్చుకో."

నేను నీళ్ళే అంటానని ఆయనకి ఎంత ధీమా అంటే, జవాబు వినకుండానే బండి వైపు తిరిగారు.

"సంచేనండీ" అన్నాను. నిండు బిందె గట్టు మీద దించాను, గిన్నె పక్కన పెట్టాను. పట్టీ బిగించుకుని బాట పట్టాను. వెనక ఆయన ఏదో అంటూనే ఉన్నారు. గుడి తలుపు ఇంకా తియ్యలేదు. కటకటాల బయట నిలబడి రెండు చేతులూ జోడించాను. తప్పయితే నాకు చెప్పు స్వామీ అన్నాను. చాలాసేపు నిలబడ్డాను. కర్రలు రెండూ తీసి చేతబట్టుకుని వెనక్కి తిరిగాను.

దిగుతుంటే గుర్రపు బండకి కింద మా ఆయన ఎదురయ్యారు. చంకన బిందె, చేతిలో గిన్నె. బండ మీదికి కాలు పెట్టలేక అక్కడే నిలబడి రొప్పుతున్నారు. వెనక ఇద్దరు భక్తులు ఎక్కివస్తున్నారు.

"ఒక్క నిమిషం ఇది పట్టుకో శ్యామలా" అన్నారు గొంతు తగ్గించి.

"ఈ సంచితో నేను ముట్టుకుంటే నీళ్ళు పనికిరావు కదండీ" అని, పక్కకి జరిగి దారి ఇచ్చాను.