ఇద్రీస్ షెడ్డు పద్ధతి

విశాఖ వన్‌టౌన్‌లో మెకానిక్ ఇద్రీస్ షెడ్డుకి ఒక పద్ధతుంది. బండిలోంచి తీసిన పాత సామాను ఆయన తుక్కువాడికి వెయ్యడు. కిరోసిన్‌తో కడిగి, గుడ్డలో చుట్టి, ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్ల చేతిలోనే పెడతాడు. అది ఎందుకు పాడైందో చెప్పి మరీ పెడతాడు. వాళ్ల నాన్న పోర్టు లారీలు బాగుచేసే రోజుల నుంచీ ఇదే వరస. ఈ సంగతి ముందే తెలిసుంటే గవర్రాజు తన భార్య కారు లాగించుకుని ఆ గడప తొక్కేవాడే కాదు.

అవును, కారు భార్యదే. తాయారు భీమునిపట్నంలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. దువ్వాడ నుంచి పన్నెండేళ్లపాటు బస్సులు మారి మారి తిరిగింది. నలభై ఆరో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, తన జీతంతో, తన పేరున, తనకు నచ్చిన ఎర్రరంగులో టర్బో కారు కొనుక్కుంది. మొదటిరోజు ఒక్కతే స్కూలుకి వెళ్లొచ్చి, చెప్పులు విప్పకుండానే సోఫాలో కూలబడి చాలాసేపు తనలో తనే నవ్వుకుంది.

కారు చేతికిచ్చేటప్పుడు షోరూమ్ అమ్మాయి ఒక జాగ్రత్త చెప్పింది. హైవే మీద గట్టిగా నడిపి వచ్చినప్పుడు ఇంజిన్ వెంటనే ఆపొద్దనీ, ఇంజిన్‌లోకి గాలి ఊదే టర్బో చల్లారేలా బండి నిలిపాక ఒక నిమిషం ఊరికే తిరగనివ్వాలనీ. తాయారు వాచీ చూసుకుని సరిగ్గా నిమిషం ఆగేది. పక్కన కూర్చున్న గవర్రాజుకి ఆ నిమిషం ఒళ్లు మండిపోయేది. నిలబడ్డ బండిలో పెట్రోలు కాలడమేమిటని సణిగాడు, విసుక్కున్నాడు, ఒకరోజు తనే చెయ్యి చాపి కీ తిప్పేశాడు. ఇంట్లో రోజూ ఈ పోరు ఎందుకని ఆమె ఆ అలవాటు మానేసింది.

ఇంతకీ ఈ మహానుభావుడు చేసే ఉద్యోగమేమిటో చెబితే మీకూ ఒళ్లు మండుతుంది. స్టీల్ ప్లాంటులో ఫర్నేసుకి గాలి ఊదే టర్బో బ్లోయర్లు ఉంటాయి. గవర్రాజు ముప్పై ఏళ్లుగా ఆ బ్లోయర్ హౌసులోనే ఉన్నాడు. బ్లోయర్ ఆగినా నూనె పంపు ఆగకూడదని, వేడి చల్లారేదాకా బేరింగులకి నూనె తిరుగుతూనే ఉండాలని, కొత్తగా చేరిన ప్రతివాడికీ చెవినిల్లు కట్టుకుని చెప్పేవాడు. అక్కడ అంత భక్తిగా చెప్పిన మాట ఇంటి బండి దగ్గరకి వచ్చేసరికి గుర్తుకు రాలేదు. ఇంటి ఖర్చుల లెక్కలో ఆ నిమిషం ఆయనకి వట్టి దుబారాగానే కనిపించింది.

రెండున్నరేళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున్న ఆనందపురం దాటి భీమిలి రోడ్డెక్కగానే కారు వెనక నీలంపొగ లేచింది. స్టీరింగు ముందు ఎర్రలైటు వెలిగింది. తాయారు పక్కకి తీసి ఆపేలోపే ఇంజిన్ బిగుసుకుపోయింది. టర్బో పోయి, నూనె మొత్తం తాగేసి, ఇంజిన్‌ని కూడా తీసుకుపోయిందని షోరూమ్‌లో తేల్చారు. కొత్త ఇంజిన్‌కి వాళ్లు చెప్పిన ధరకి మరో పాత కారే వస్తుంది.

ఆ సాయంత్రం అపార్టుమెంటు ముందు కింది ఫ్లాటు తిరుమలరావు, తాయారు వినేలాగే అన్నాడు. "ఆడోళ్ల సేతికి టర్బో బండి ఎందుకిచ్చినావు బావా? రేజింగులు ఇచ్చీసి మాడ్చీసుంటాది."

పక్కనున్నవాళ్లు నవ్వారు. టర్బో అన్న మాట వినగానే గవర్రాజుకి, తను చెయ్యి చాపి కీ తిప్పిన రోజు కళ్లముందు మెదిలింది. అయినా నోరు విప్పలేదు. మేడెక్కాక తాయారు కారు తాళాలు దేవుడి గూట్లో పెట్టి, బాగయితే అమ్మేయమంది. ఇక తను నడపనంది. మర్నాటి నుంచి తెల్లవారకుండానే లేచి మళ్లీ బస్సులు పట్టుకోవడం మొదలుపెట్టింది. అది చూస్తూ కాఫీ తాగడం గవర్రాజు వల్ల కాలేదు. ఎలాగైనా ఆ బండి నడవాలి, ఆమే నడపాలి. అలా అనుకుని ఇద్రీస్‌ని వెతుక్కుంటూ వన్‌టౌన్ వెళ్లాడు.

ఇద్రీస్‌కీ యాభై దాటాయి. సన్నటి మనిషి, గొంతు పెద్దది చెయ్యడు. టర్బో విప్పి, లోపలి ఇరుసుని చిటికెన వేలితో కదిపి చూశాడు. అది వదులైపోయిన పన్నులా ఊగింది. నూనె వచ్చే గొట్టంలో పుల్ల పెట్టి గీకితే మాడిన నూనె నల్లటి బొగ్గయి రాలింది. దాన్ని అరచేతిలో వేసుకుని, ఏం ఉద్యోగమని అడిగాడు. గవర్రాజు చెప్పాడు.

ఇద్రీస్ ఆ బొగ్గువంకా, ఆయన మొహంవంకా కాసేపు చూశాడు. "అయితే నీకు నాను సెప్పక్కర్లేదు బావా. వేడి మీద ఆపీసినారు. ఒకసారి కాదు, రోజూ."

తర్వాత ఏం చేద్దామో చెప్పాడు. పాత టర్బో ఇంజిన్ ఇంకొకటి తెచ్చి వెయ్యొచ్చు, కానీ దాన్ని ఎవరు ఎలా ఆపారో ఎవరికి తెలుసు? ఇదే కారులో టర్బో లేని రకం ఒకటి వస్తుంది. ఆ బండి ఒకదాన్ని మొన్న లారీ వెనకనుంచి గుద్దేసింది. వెనకభాగం నుజ్జయింది గాని ముందుభాగం చెక్కు చెదరలేదు. ఆ ఇంజిన్, దాని గేరుబాక్సు, దాని వైర్లు, దాని కంప్యూటరు, మొత్తం కలిపి ఇందులోకి దింపుతానన్నాడు. పరుగు తగ్గుతుంది, బతుకు పెరుగుతుంది అన్నాడు. రవాణా ఆఫీసులో అనుమతి రాకుండా ఇక ఒక్క నట్టు కూడా విప్పనని ముందే చెప్పేశాడు.

అనుమతి కాగితం చేతికొచ్చాక గవర్రాజు సెలవు పెట్టి రోజూ ఆ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మొదటిరోజు కాపలాకనే కూర్చున్నాడు. రెండోరోజు నుంచి చూడముచ్చటేసి కూర్చున్నాడు. క్రేన్లు, కొలతలు, పదిమంది ఇంజినీర్ల సంతకాలు, వీటి మధ్య పనిచేసిన మనిషి ఆయన. ఇక్కడ ఒక గొలుసు కప్పీ, ఒక టార్చి, రెండు చేతులు. ఆ ఇంజిన్‌ని తీసుకోవాలా వద్దా అని తేల్చడానికే ఇద్రీస్‌కి ఒక పూట పట్టింది. మూత తీసి వాసన చూశాడు, చేత్తో తిప్పి చూశాడు, నాలుగు సిలిండర్లకీ ప్రెషరు గేజి పెట్టి చూశాడు. నాలుగూ ఒకే అంకె దగ్గర నిలబడ్డాక గాని దానిమీద చెయ్యి వెయ్యలేదు.

ఇక వైర్లు. ఒక్కో వైరు చివరా ఒక్కో రంగు దారం కట్టాడు, పక్కనున్న టైలరు దగ్గర్నుంచి తెచ్చిన దారాలు. ఏ రంగు ఎక్కడికో ఎక్కడా రాసుకోలేదు. ఇంజిన్ దింపేటప్పుడు, దాన్ని బండికి బిగించే కుడివైపు పట్టీ రెండు వేళ్ల మేర అందలేదు. వెల్డింగు చేసి అతికిస్తే గంటలో తేలిపోయే పని. బండి ఒంటికి నిప్పు పెట్టేది లేదని, ఆ రకం బండికి వచ్చే అసలు పట్టీ కోసం రెండు రోజులు గాజువాక తుక్కు దుకాణాలన్నీ తిరిగి తెచ్చాడు. బిగిస్తే అది పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది. గవర్రాజుకి లేచి దండం పెట్టాలనిపించింది.

అన్నీ బిగించాక కూడా ఇద్రీస్ వెంటనే స్టార్ట్ చెయ్యలేదు. పెట్రోలు పంపు ఫ్యూజు పీకేసి, ఉత్తినే ఇంజిన్‌ని తిప్పాడు. ఆపాడు, మళ్లీ తిప్పాడు. "ముందు నూనె అన్ని మూలలకీ ఎల్లాలి బావా. నిప్పు తర్వాత." బ్లోయర్ హౌసులో ఇదే మాట గవర్రాజు వందమందికి చెప్పుంటాడు. ఇక్కడ వినేసరికి సిగ్గుతో ఆయన తల వాలిపోయింది. ఫ్యూజు పెట్టాక ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకుంది. ఇద్రీస్ పొడుగు స్క్రూడ్రైవరు దానికి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. బాగుందన్నట్టు తలాడించాడు.

కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలోకి ఎక్కాక, ఆదివారం మేడమ్‌ని తీసుకురమ్మన్నాడు. ఎందుకని అడిగితే అప్పుడు బయటపడింది, ఆ షెడ్డు పద్ధతి. పాత టర్బో ఆమె చేతికివ్వాలట, చావుకి కారణం చెప్పాలట. దాని వయసైపోయిందని చెప్పేస్తే చాలు కదా అని గవర్రాజు బతిమాలాడు.

"నాను అబద్దం సెప్పలేను బావా," అన్నాడు ఇద్రీస్, చేతులు తుడుచుకుంటూ. "నాకంటే ముందు నువ్వే సెప్పీసినావనుకో, నాకు సెప్పడానికి ఏటీ మిగల్దు."

ఆదివారం తాయారు వచ్చింది. అమ్మే బండికి తనెందుకు రావాలని దారంతా అంటూనే ఉంది. ఇద్రీస్ గుడ్డ విప్పి, కొబ్బరికాయంత టర్బోని ఆమె చేతుల్లో పెట్టి, ఏమీ అనకుండా గవర్రాజువైపు చూశాడు. గవర్రాజు వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వు సరిగ్గానే ఆపేదానివి తాయారూ. మాన్పించింది నేను. తిరుమలరావు నిన్ను అన్నరోజే నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

తాయారు టర్బోని అటూ ఇటూ తిప్పింది. ఇరుసుని వేలితో కదిపి చూసింది. తర్వాత మొగుణ్ని కాదు, ఇద్రీస్‌ని అడిగింది, నిమిషం ఆగుంటే సరిపోయేదా అని.

"నిమిసం సాలమ్మా. మీరు ఆపినట్టే ఆపుంటే ఇది ఇంకా ఎన్నేళ్లయినా తిరిగీది. మీ సేతిలో తప్పు లేదు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. టర్బోని గవర్రాజు చేతిలో పెట్టి, తాళాల కోసం చెయ్యి చాపింది.

ఎన్ఏడీ ఫ్లైఓవరు ఎక్కుతుంటే కారు మునుపటిలా దూకలేదు. తాయారు ఒక్క క్షణం ఆలోచించి గేరు తగ్గించి మూడోది వేసింది. బండి బుద్ధిగా ఎక్కింది. గాజువాక వచ్చేసరికి దాని నడక ఆమెకి పట్టుబడింది. పక్కసీట్లో టర్బోని ఒళ్లో పెట్టుకుని గవర్రాజు ఆమె చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు. ఇంత బాగా నడుపుతుందని ఇన్నాళ్లూ ఒక్కసారయినా అన్నాడా? అనలేదు. ఇప్పుడు అన్నాడు. ఆమె రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

అపార్టుమెంటు కింద కారు నిలిపింది గాని ఇంజిన్ ఆపలేదు. తిరుమలరావు దగ్గరకొచ్చి, బండి ఎవరికిస్తన్నారని అడిగాడు. గవర్రాజు అద్దం దించి, గుడ్డ విప్పి టర్బో చూపించాడు.

"ఎవలికీ ఇవ్వం బావా. దీన్ని మాడ్చింది నాను. ముప్పైఏళ్లు బ్లోయర్ హౌసులో పన్జేసినోణ్ని. ఆవిడ తప్పేటీ లేదు."

తిరుమలరావు ఆవిడ మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు. ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది. గవర్రాజు మెల్లగా అన్నాడు, టర్బో లేని బండికి ఇలా ఆగక్కర్లేదని.

"తెలుసండీ," అంది తాయారు వాచీ చూసుకుంటూ. "ఈ నిమిషం ఇంజినుకి కాదు, మీకు."

గవర్రాజు చేతులు ఒళ్లో పెట్టుకుని, అరవై దాకా లెక్కపెడుతూ కూర్చున్నాడు.