గోడలో రెండో డబ్బా

ఆదివారం నాలుగున్నరకే చీకటి పడింది. మేమంతా పబ్బులో కట్టెల మంట చుట్టూ చేరాం. గుమ్మం దగ్గర బురద బూట్లు, మంట దగ్గర తడి సాక్సులు. ఆ వాసనకి బీరు వాసన లొంగిపోయింది.

మాది పెట్టెలాట. ఒకరు కొండల్లో ఎక్కడో చిన్న డబ్బా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాల అంకెలు నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోను పట్టుకుని వెతికి, లోపలి కాగితం మీద సంతకం చేసి, ఎక్కడిదక్కడ పెట్టేస్తారు. పెట్టినవాడికీ ఏమీ రాదు, పట్టినవాడికీ ఏమీ రాదు. సరుకు లేని సంత, సంతకాల సంత.

ఇంగ్లండులో మా డెర్బీషైర్ వైపు ఆడా మగా తేడా లేకుండా అందరినీ "బాతూ" అని పిలుస్తాం. కాబట్టి బాతాఖానీకి కొదవుండదు.

"ఇవాళ ఏం దొరికాయి బాతూ?" అని నన్నడిగాడు డెన్‌జిల్. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి దిగినవాడు.

"రెండు డబ్బాలు, ఒక జలుబు."

"జలుబుకి సంతకం పెట్టావా?"

"ముక్కుతో."

అంతలో విన్నీ వచ్చింది. ఆవిడ భర్త రెజ్ పోయి ఏడాదిన్నర. అతను కొండమీది రాతిగోడలో దాచిన డబ్బాకి ఇప్పుడు ఆవిడే యజమాని. మంట పక్కన కూర్చుని సంచిలోంచి ఒక నల్లటి ఫిల్ము డబ్బీ తీసింది. మూతకి పసుప్పచ్చ టేపు. నా గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"కాగితం నిండిందంటే మార్చడానికి వెళ్లా. గోడలో ఇదుంది. రెజ్ పెట్టింది ఆకుపచ్చ డబ్బా. అందులో పుస్తకం, మొదటి పేజీలో తన చేతిరాత. అది చూసుకోవాలనే ఇన్నాళ్లకి కొండెక్కా. ఎవరో ఎత్తుకుపోయారు. రేపు నెట్‌లోంచి ఆ చోటు తీసేస్తా బాతూ."

ఎవరూ ఎత్తుకుపోలేదు. దొరక్కపోతే దొరకలేదని నెట్‌లో రాయాలి మా ఆటలో. పరువు కోసం కొందరు తమ డబ్బీ ఒకటి అక్కడ పెట్టి, దొరికిందని రాసేసుకుంటారు. రెండేళ్ల క్రితం వానలో గంటన్నర వెతికిన నేను ఆ కొందరిలో ఒకణ్ని. అది నా వెయ్యో డబ్బా కావాలి. కింద ఇదే పబ్బులో వీళ్లు కేకుతో కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చిన వాళ్లంతా నా డబ్బీకే సంతకాలు పెట్టారు. పాత డబ్బా చూసినవాళ్లకి తెలియనే తెలియదు. ఒకసారి సంతకం చేసిన చోటికి మావాళ్లెవరూ మళ్లీ పోరు.

చెప్పేశాను. విన్నీ అంతా విన్నది.

"అయితే నీది తొమ్మిదొందల తొంభై తొమ్మిదేనన్నమాట. ఆ కేకు తిరిగిచ్చెయ్," అన్నాడు డెన్‌జిల్.

"కేకు అయిపోయింది. కేకలే మిగిలాయి, వెయ్యండి."

విన్నీ కేకలు వెయ్యలేదు. "అంటే రెజ్‌ది ఎవరూ తియ్యలేదా ఆల్బీ?"

"నాకు దొరకలేదు విన్నీ. నాకు తెలిసింది అంతే."

"నేను మొదట్లోనే చూసి సంతకం పెట్టాగా," అన్నాడు డెన్‌జిల్. "గోడకి అవతలి పక్క..."

"నోర్ముయ్. కట్టుకున్నదాన్ని, నాకే చెప్పలేదు రెజ్. నువ్వే వెతుక్కో అనేవాడు. వెతుక్కుంటా." ఆ డబ్బీ నా ఒళ్లో పడేసింది. "పొద్దున్న తొమ్మిదికి రా. టీ ఫ్లాస్కు నువ్వే మొయ్యాలి. గోడకేసి చూశావంటే ఊరుకోను."

మర్నాడు గోడకి వీపు పెట్టి, గొర్రెల్ని చూస్తూ నిలబడ్డాను. అవీ నన్నే చూశాయి. నా వెనక రాళ్లు కదిలిన చప్పుడు, ఆగిన చప్పుడు, తిట్లు. నలభై నిమిషాలకి మూత ఊడిన చప్పుడు. తర్వాత పేజీ తిప్పిన చప్పుడు.

"ఏం రాశాడు విన్నీ?" అన్నాను, తిరగకుండానే.

"'ఇంత ఆలస్యమా' అని." ముక్కు చీదింది. "టీ పొయ్."

చెయ్యి వెనక్కి చాపి కప్పు అందించాను. ఆవిడ ఆ పేజీ చదువుకుంటుంటే నేను ఫోను తీసి, దొరికిందన్న పాత రాత చెరిపేసి, అదే తేదీ కింద రాశాను: "గంటన్నర వెతికాను. దొరకలేదు."