పిడికిట్లో దూదిపింజ

పక్షవాతం వచ్చి పిచ్చయ్య మంచం పట్టి ఎనిమిది నెలలైంది. ఆదివారాలు తప్ప రోజూ నర్సు మహిమ గుంటూరు నుంచి అమరావతి బస్సులో వచ్చి ఆయన మోకాళ్లూ మోచేతులూ ఒక్కొక్కటే పదేసిసార్లు వంచి చాపేది. అన్నీ మాట వినేవి, ఎడమ పిడికిలి తప్ప. విప్పబోతే ఇంకా బిగుసుకునేది. గోళ్లు గుచ్చుకుని అరచేతిలో పుండు పడింది.

ఒక సోమవారం ఆ చెయ్యి తుడుస్తుంటే బొటనవేలి సందులోంచి తెల్లటి దూదిపింజ ఊడిపడింది. మహిమ ఆశ్చర్యపోయింది. శనివారం తన చిటికెన వేలు కూడా దూరని చోటికి దూది ఎలా వెళ్లింది?

"పిన్నిగారూ, బాబాయిగారి చెయ్యి ఎవరైనా విప్పారా?"

"నాకేం తెలుసమ్మా," అంది పిచ్చయ్య భార్య వెంకటేశ్వరమ్మ, చూపు తిప్పుకుని.

పై సోమవారం మళ్లీ దూది. ఈసారి అరచెయ్యి కడిగినట్టు శుభ్రంగా ఉంది. వారమంతా మహిమకు అదే ధ్యాస. ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కింది.

వసారాలో మంచం మీద పిచ్చయ్య దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్లో విచ్చుకున్న పత్తికాయలు. వెంకటేశ్వరమ్మ ఆయన ఎడమ మణికట్టును మెల్లగా కిందికి వంచి, అలాగే పట్టుకుని, పొలం సంగతులు చెబుతోంది. కాసేపటికి వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. ఆవిడ ఆ చేతిలో ఒక కాయ పెట్టి, ఆయన చేతిమీద తన చెయ్యి వేసి పత్తి తీయించింది.

గుమ్మంలో మహిమను చూసి ఆవిడ గబుక్కున లేచింది.

"తిట్టమాకమ్మా. ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పావు. చెయ్యి వాసనొస్తుంటే కడుగుదామని పట్టుకున్నా. మణికట్టు వాలగానే వేళ్లు విచ్చుకున్నాయి. పత్తి ముట్టుకుని ఏడాదైంది గదా, ఈయన సంబరపడతాడని..."

"తిట్టడానికి రాలేదు పిన్నిగారూ. ఎలా చేశారో ఇంకోసారి చూపించండి," అని మహిమ చెప్పులు విడిచి మంచం పక్కన కూర్చుంది.

తర్వాత తను ప్రయత్నించింది. అలవాటుగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. పిడికిలి టక్కున మూసుకుపోయింది.

"అంత తొందరేంటమ్మా? ఈయనెక్కడికి పోతాడు?" అంది వెంకటేశ్వరమ్మ.

"నె...మ్మది," అన్నాడు పిచ్చయ్య, వంకరపోయిన మూతితోనే నవ్వుతూ.

మహిమ ఫిజియోథెరపిస్టు మాధవీలతకు వీడియో కాల్ చేసింది. ఆమె అంతా చూసి, "మణికట్టు వంచితే వేళ్లను లాగిపట్టే కండరాలు వదులవుతాయి. ఆవిడ సరిగ్గానే పట్టుకున్నారు. వేళ్లు విచ్చుకున్నాక వాటిని అలాగే చాపి ఉంచి, మణికట్టును మెల్లగా పైకి తీసుకురండి. నొప్పంటే ఆపెయ్యండి. భుజం వేలాడుతోంది చూడండి, మోచేతి కింద దిండు పెట్టండి," అంది.

దిండు పెట్టగానే పిచ్చయ్య మొహంలో బిగువు తగ్గింది. ఇన్నాళ్లూ తను దిండు పెట్టలేదని వెంకటేశ్వరమ్మ నొచ్చుకుంది. ఇన్నాళ్లూ తను ఆవిణ్ణి దూరంగా ఉంచానని మహిమ నొచ్చుకుంది.

నెల తిరిగేసరికి పుండు మానింది. నాలుగు వేళ్ల గోళ్లూ సాఫీగా కత్తిరించగలిగారు. చేతికి పట్టు మాత్రం రాలేదు; వస్తుందని మాధవీలత కూడా చెప్పలేదు. ఆదివారాలు పత్తి తీయడం మాత్రం వాళ్లు మానలేదు.

ఆ తర్వాత మహిమకు పక్క ఊళ్లో ఇంకో ఇంట్లో రోగిని చూసే పని అప్పగించారు. అక్కడి కోడలు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రాసుకోవడానికి కాగితం, పెన్నూ పట్టుకుని నిలబడింది.

"రాయడం తర్వాత. ఇన్నాళ్లూ మీరెలా చూసుకుంటున్నారో ముందు నాకు చూపించండి," అంది మహిమ.