చావనని మొండికేసిన రాణి

కండక్టరమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇరవై రెండేళ్ళు కదిలే బస్సులో నిలబడితే ఎవరికైనా అరుగుతాయి. డిగ్రీ ఉంటే డిపో ఆఫీసులో కుర్చీ ఇస్తామన్నారు. ప్రైవేటుగా కట్టి అన్ని పేపర్లూ గట్టెక్కింది గానీ, నాటకం మీద నోటిపరీక్ష దగ్గర రెండుసార్లు బోల్తా పడింది. ఇది ఆఖరి అవకాశం. ఇదీ పోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

పాఠం ఒక పాత విషాద నాటకం. మంత్రి దొంగ ఉత్తరం సృష్టిస్తాడు. అది చూసి రాజు రాణిని అనుమానిస్తాడు. రాణి విషం తాగుతుంది. నిజం తెలిశాక రాజు పొడుచుకుంటాడు. పరీక్షలో పాత్రల స్వభావం చెప్పమంటారు. ఎన్నిసార్లు చదివినా ఒక్క ముక్క బుర్రకెక్కక, ఇంట్లో ఆడించి చూద్దామనుకుంది కండక్టరమ్మ. దర్జీ పని చేసే భర్త రాజు, తను మంత్రి. ఇక రాణి వేషం అత్తగారు ఇంకెవరికైనా దక్కనిస్తుందా!

ఆవిడ వంటింట్లో కూరగాయలు తరుగుతూనే పాత్రలో దూరిపోయింది. రాజు మెడలో కొలతల టేపుతోనే వచ్చి గర్జించాడు.

"ద్రోహీ! ఏమిటీ ఉత్తరం?"

"ఏదీ, ఇటు తే," అంది అత్తగారు.

"అమ్మా, నువ్విక్కడ ఏడవాలే. పుస్తకంలో అలాగే ఉంది."

"ఏడుపు తర్వాత చూద్దాం. ఇది నా చేతిరాత కాదు. నీకెవరిచ్చార్రా?"

రాజు మంత్రి వైపు చూశాడు. "ఓహో, ఈవిడగారేనా!" అంటూ అత్తగారు కోడల్ని ఉతికి ఆరేసింది. విషం గ్లాసు అందిస్తే ససేమిరా అంది. "నేను చావను. కావాలంటే వాణ్ణి తాగమను."

పదిరోజులూ ఇదే వరస. నాటకం రెండో అంకం దాటితే ఒట్టు. ముగ్గురూ నవ్వలేక చచ్చారు.

పరీక్షగదిలో బల్ల వెనక కళ్ళజోడు మేడం కూర్చుని ఉంది. "రాణి స్వభావం చెప్పండి," అంది.

కండక్టరమ్మ గడగడా అందుకుంది. "చాలా గట్టి మనిషండీ. ఉత్తరం లాక్కుని, చేతిరాత పోల్చి, మంత్రి బండారం బయటపెట్టి..."

"రాణి చచ్చిపోతుంది కదమ్మా?"

పప్పులో కాలేశానని అప్పుడు తెలిసింది ఆమెకి. ఇక దాచి లాభం లేదని, "మా అత్తగారు చావనందండీ," అంటూ జరిగిందంతా చెప్పేసింది. నవ్వాపుకోవడానికి మేడం మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

"మరి పుస్తకంలో రాణి ఎందుకు అడగలేదు, ఎవరిచ్చారని?"

"అలవాటు లేకండీ. అడిగినదానికి జవాబు చెప్పడమే తెలుసు పాపం. ఎదురడగడం కన్నా విషమే తేలికనిపించింది."

మేడం కాగితం మీద ఏదో రాసింది. "ఫలితాలు నెల రోజులకి వస్తాయి. వెళ్ళిరండి."

కండక్టరమ్మ తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. రోజంతా వందలమందిని టికెట్ అడిగే మనిషే, బల్ల వెనక కూర్చున్నవాళ్ళని మాత్రం పుట్టి బుద్ధెరిగి ఒక్క మాట అడగలేదు. లోపలికి పిలిస్తే వెళ్ళడం, పొమ్మంటే రావడం, అంతే. అయినా వెనక్కి వచ్చింది.

"నేను పాసయ్యానా, లేదా అండీ?"

మేడం కళ్ళజోడు తీసి ఆమెని ఎగాదిగా చూసింది.

"పదిహేనేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా," అంటూ కాగితాన్ని ఆమె వైపు తిప్పింది.

పాసయింది.