దుప్పట్లక్క తూకం

ఆరోగ్యశాఖ ప్రచార విభాగంలో అతన్ని అందరూ మాటల మేస్త్రి అనేవాళ్లు. గోడ మీద రాసే మాటైనా, బస్సు వెనక అంటించే మాటైనా, రేడియోలో అరనిమిషం వినిపించే మాటైనా అతని బల్ల మీద నుంచే బయటికి వెళ్లాలి. మహమ్మారి వచ్చిన మొదటి ఏడు అతని మాటల్ని ఊరంతా కంఠతా పట్టింది. చేతులు కడుక్కోమన్నాడు, కడుక్కున్నారు. దూరం జరగమన్నాడు, జరిగారు. మనిషి గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు గానీ మాట మాత్రం మేకు దిగ్గొట్టినట్టు రాస్తాడని పై అధికారికి అతనంటే గురి.

రెండో ఏడు కొత్త ఉత్తర్వు వచ్చింది. లావుగా ఉన్నవాళ్లకి ఈ జబ్బు ఎక్కువగా ముదురుతోందని డాక్టర్లు తేల్చారు కాబట్టి, జనం బరువు తగ్గేలా ప్రచారం చేయమన్నారు. మేస్త్రి ఒక్క పూట కూర్చుని రాసిచ్చేశాడు: ‘ఒళ్లు తగ్గించు, ఊపిరి దక్కించుకో.’ దానికి తోడుగా శాఖ దగ్గరున్న పాత ఫొటోల్లోంచి ఒకటి తీశారు. ఆస్పత్రి మెట్లెక్కుతున్న ఓ భారీ ఆడమనిషి వీపు. మొహం కనపడదు. మొహం లేనప్పుడు ఎవర్నీ అన్నట్టు కాదు కదా అన్నాడు అధికారి. మేస్త్రికీ ఆ మాట సబబుగానే తోచింది.

అచ్చయి వచ్చిన పోస్టరు ఇంటికి తీసుకెళ్లి భార్యకి చూపించాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, “చెప్పేవాడికి వినేవాడు లోకువ” అనేసి తన పనిలో పడిపోయింది. మెచ్చుకుందో దెప్పిందో అతనికి అంతుపట్టలేదు.

పోస్టర్లు ఊరంతా ఎక్కిన మూడో వారంలో, ఓ పొద్దున అతని గదిలోకి ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. నీలం రంగు పని కోటు, మొహానికి మాస్కు, చంకలో చుట్టిన కాగితం. కుర్చీ చూపిస్తే, ముందు దాని కాళ్లు గట్టివో కాదో చేత్తో ఊపి చూసుకుని కూర్చుంది. కాగితం బల్ల మీద పరిచింది. అది అతని పోస్టరే. తర్వాత ఎడమ చేతి కోటు పైకి మడిచింది. మోచేతి కింద జానెడు పొడవున కాలిన మచ్చ. ఫొటోలో మెట్లెక్కుతున్న మనిషి చేతి మీదా అదే మచ్చ.

“ఈ వీపు నాది బాబూ” అంది.

మేస్త్రికి కోర్టులూ నోటీసులూ కళ్లముందు తిరిగాయి. ఆవిడ మాత్రం తగువుకి వచ్చిన మనిషిలా లేదు. పెద్దాస్పత్రిలో బట్టలుతికే విభాగానికి తను పెద్దననీ, ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్నాననీ, అక్కడ తనని దుప్పట్లక్క అంటారనీ చెప్పింది. ఫొటో తీసిన రోజు లిఫ్టు పాడైంది. రోగులకి దుప్పట్లు అందాలి కాబట్టి నాలుగో అంతస్తుకి మోసుకెళ్లింది. ఆ ఫొటో ఏడోసారి ఎక్కుతున్నప్పటిది. చేతుల్లో ఉన్న దుప్పట్ల దొంతర పోస్టరులో కత్తిరించేశారు. వీపొకటే మిగిల్చారు.

మేస్త్రి తడబడుతూ క్షమాపణ చెప్పబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

“మీరు రాసింది అబద్ధం కాదు. నా బరువు గురించి మా డాక్టరు మీకంటే ముందే చెప్పాడు. రోజూ ఎవరి దుప్పట్లు ఉతుకుతున్నానో నాకు తెలుసు. తగ్గాలి, నిజమే. కానీ ఇది గోడెక్కిన దగ్గర్నుంచీ మా దగ్గర పనిచేసే పిల్లలు తిండి మానేశారు. మొన్న ఒకమ్మాయి కాగే నీళ్ల దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. తగ్గమన్నారు సరే. ఎలాగో చెప్పలేదు మీరు.”

పోస్టరు తీసేయమంటారా అని అడిగాడు. వద్దు, ఒకసారి వచ్చి మా పని చూడండి చాలు అని లేచి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే వెళ్లాడు. వెళ్లకపోతే ఆ రోజు ఒక్క అక్షరం కూడా రాయలేనని అతనికి తెలిసిపోయింది.

ఉతికే విభాగం ఆస్పత్రి నేలమాళిగలో ఉంది. తలుపు తీయగానే ఆవిరి మొహాన కొట్టింది. గదంత పెద్ద యంత్రాలు నాలుగు గిరగిరా తిరుగుతున్నాయి. జబ్బు వార్డుల బట్టలు నీళ్లలో కరిగిపోయే ఎర్ర సంచుల్లో వేరేగా వస్తాయి. వాటిని విప్పకుండా సంచీతో సహా సలసల కాగే నీళ్ల యంత్రంలో వేస్తారు. ఓ పక్క దుప్పట్లు వేడి రోలర్ల మధ్యకి వెళ్లి అప్పడంలా బయటికొస్తున్నాయి. దుప్పట్లక్క కాక ఏడుగురు ఆడవాళ్లు, పన్నెండేసి గంటలు నిలబడే పని. మహమ్మారికి ముందు రోజుకి రెండు వేల దుప్పట్లయితే ఇప్పుడు ఐదు వేలు. మేస్త్రి సరదాపడి ఒక తడి మూట ఎత్తబోయాడు. మూట కదల్లేదు గానీ నడుం కలుక్కుమంది. రోలరు దగ్గరున్న అమ్మాయి నవ్వాపుకుని, “మోసేవాడికే తెలుసు కావడి బరువు” అని పాటలా అంది. ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉంటుందని ఆ అమ్మాయికి పాటలపిల్ల అని పేరు. మొన్న కళ్లు తిరిగి పడిపోయింది తనే. అప్పుడు దుప్పట్లక్కే రెండు చేతులా ఎత్తుకుని అత్యవసర విభాగం దాకా మోసుకెళ్లింది.

భోజనం ఎప్పుడు చేస్తారని మేస్త్రి అడిగాడు. వాళ్లకి ఊపిరి సలిపేది మూడు దాటాక. క్యాంటీన్ రెండింటికే మూసేస్తారు. నడవలో ఉన్న యంత్రంలో నాణెం వేస్తే బిస్కెట్లు, తియ్యటి పానీయాలు పడతాయి. ఏళ్ల తరబడి అవే వాళ్ల మధ్యాహ్నభోజనం. క్యాంటీన్ నాలుగు దాకా తెరవమని దుప్పట్లక్క మూడు అర్జీలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

తర్వాత ఆవిడ అతన్ని ఓ మూలకి తీసుకెళ్లింది. అక్కడ నేలలో అమర్చిన ఇనప పలక ఉంది, బట్టల బండ్లు తూచేది. దాని పక్కన గోడ మీద సుద్దతో ‘662’ అని రాసుంది. అదేమిటో ఆవిడే చెప్పింది. పాటలపిల్ల పడిపోయిన మర్నాడు, ఎవరికి వాళ్లు చాటుగా మాడి చావడం మానేయమని అందర్నీ కేకలేసిందట. తగ్గాలనుకుంటే అందరం కలిసే తగ్గాలంది. ఆ సోమవారం ఎనిమిది మందీ కలిసి ఈ పలక మీద నిలబడ్డారు. ఆరువందల అరవై రెండు కిలోలు. అందులో ఎవరి వాటా ఎంతో ఎవరికీ తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. ప్రతి సోమవారం అందరూ ఒక్కసారే ఎక్కాలి, ఒక్కటే అంకె రాయాలి. పెరిగితే అందరిదీ, తగ్గితే అందరిదీ.

మేస్త్రి ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. ఇరవై ఏళ్లుగా జనానికి చెబుతూ వచ్చాడే గానీ, జనం పక్కన తనూ నిలబడి చెప్పడం ఇలా ఉంటుందని అతనికి ఎన్నడూ తట్టలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఆవిడంటే ఓ గౌరవం పుట్టుకొచ్చింది, చిన్నప్పుడు లెక్క చటుక్కున విప్పి చూపించిన పంతులమ్మ మీద పుట్టినట్టు.

ఆఫీసుకి తిరిగొచ్చి అతను చేసిన మొదటి పని నాలుగో అర్జీ రాయడం. రాయడమే కదా అతని వృత్తి. అధికారి దాన్ని చదివి, మన పని పోస్టర్లు గానీ క్యాంటీన్లు కాదన్నాడు. జనాన్ని తగ్గమని లక్ష పోస్టర్లు వేసి, మన ఆస్పత్రిలోనే మనవాళ్లకి బిస్కెట్లు పెడుతున్నామని ఎవరైనా పత్రికలో రాస్తే ఏం చెబుదామని మేస్త్రి మెత్తగా అడిగాడు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుని సంతకం పెట్టాడు. పది రోజుల్లో క్యాంటీన్ నాలుగు దాకా తెరిచి ఉంచడం మొదలైంది. వేడి భోజనం, రెండు రకాల కూరలు, కూర్చోడానికి ఇరవై నిమిషాలు. చూడ్డానికి చిన్న సంగతే. ఆ మొదటి రోజు దుప్పట్లక్క పళ్లెం ముందు కూర్చుని రెండు నిమిషాలు ముద్ద ఎత్తలేదని పాటలపిల్ల తర్వాత అతనితో చెప్పింది.

తర్వాత కరపత్రం పని పట్టుకున్నాడు. వీపు బొమ్మ తీసేయించాడు. కలిసి తూగడం ఎలాగో, పనిచోట వేళకి తిండి ఎందుకు అడగాలో, మోకాళ్లు నొప్పి పెట్టేవాళ్లు ఎలా నడవాలో తేట మాటల్లో రాశాడు. పైన పెద్ద అక్షరాలతో ‘బరువు తగ్గండి’ అని పెట్టి, నమూనా పట్టుకుని నేలమాళిగకి వెళ్లాడు. దుప్పట్లక్క చెయ్యి తుడుచుకుని, కాగితం దూరంగా పెట్టి, పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. బాగుందంది. ఆ తర్వాత పై మాట మీద వేలు పెట్టి, ‘తగ్గండి’ కాదు, ‘తగ్గుదాం’ అనండి అంది.

మేస్త్రి జేబులోంచి కలం తీసి అక్కడికక్కడే దిద్దాడు. తన రాతని ఇంకొకళ్లు దిద్దితే అతనికి ఒళ్లు మండేది మామూలుగా. ఆ రోజు మండలేదు.

కరపత్రం బస్సు డిపోలకి, గోదాములకి, బడులకి వెళ్లింది. కొన్నిచోట్ల చదివి పారేశారు, కొన్నిచోట్ల నిజంగానే కలిసి తూగారు. అతను మాత్రం సోమవారం సోమవారం నేలమాళిగకి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. అంకె ఒక వారం తగ్గేది, ఒక వారం పెరిగేది, మొత్తం మీద దిగుతూనే ఉంది. 655. 657. 648.

నాలుగో నెలలో జబ్బు పాటలపిల్లని పట్టుకుంది. వారం తిరక్కుండా తను ఉతికిన దుప్పటి కిందే, పై అంతస్తులో, ఆక్సిజన్ పెట్టుకుని పడుకుంది.

ఆ సోమవారం మేస్త్రి వెళ్లేసరికి ఏడుగురు పలక చుట్టూ నిలబడి ఉన్నారు. ఎవరూ ఎక్కట్లేదు. ఎక్కితే అంకె ఒక్కసారిగా పడిపోతుంది. ఆ అంకె గోడ మీద రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఈ వారానికి మానేద్దామని ఒకావిడ గొణిగింది. దుప్పట్లక్క అరల దగ్గరికి వెళ్లి మడిచిన దుప్పట్లు తెచ్చి, పాటలపిల్ల ఎప్పుడూ నిలబడే చోట పేర్చడం మొదలుపెట్టింది. నడుమెత్తు వచ్చింది, భుజమెత్తు వచ్చింది. ఒకటి తీసింది, రెండు పెట్టింది. అంతే ఉంటుందని ఎలా తెలుసని మేస్త్రి నెమ్మదిగా అడిగాడు.

“ఎత్తుకుని మోశాను కదా” అంది ఆవిడ.

ముప్పై ఏళ్లు మూటలెత్తిన చేతులు. అందరూ ఎక్కారు. దుప్పట్ల దొంతర కూలిపోకుండా పక్కనున్నావిడ దాని మీద చెయ్యి వేసి నిలబడింది. ముల్లు ముందు వారం అంకెకి ముప్పాతిక కిలో ఇవతల ఆగింది. మేస్త్రి గోడ వైపు తిరిగి కళ్లు ఒత్తుకున్నాడు. అలా నాలుగు సోమవారాలు దుప్పట్లు ఆమె స్థానంలో నిలబడ్డాయి. దుప్పట్లక్క రోజూ పని కాగానే వార్డు అద్దం దాకా వెళ్లి, అవతల నుంచి చెయ్యూపి ఇంటికెళ్లేది.

ఐదో సోమవారానికి పాటలపిల్ల తిరిగొచ్చింది. ఇంకా పనిలోకి కాదు, చూసిపోదామని. బుగ్గలు లోపలికి పోయాయి, కోటు హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. పాట లేదు, మాటకే ఆయాసం. అయినా తన చోటు తనకే కావాలంది. దుప్పట్లు తీసి అరలో పెట్టారు, ఆ అమ్మాయిని మధ్యలో నిలబెట్టుకుని అందరూ ఎక్కారు. అంకె ఏకంగా పదకొండు కిలోలు పడింది. అంతకు ముందు ఏ వారమూ అంత తగ్గలేదు. సుద్దముక్క పట్టుకున్నావిడ సంబరంగా రాయబోతుంటే దుప్పట్లక్క ఆ చెయ్యి పట్టుకుంది.

“అది తగ్గింది కాదే, పోయింది. పోయినదాన్ని లెక్కలో వేసుకోం. తిరిగి తెచ్చుకోవాలి.”

ఆ పదకొండూ కలిపి, తనే పాత అంకె వేసింది. పాటలపిల్ల తల దించుకుని ఏడ్చింది. దుప్పట్లక్క ఓదార్చలేదు. ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి తిన్నగా క్యాంటీనుకి నడిపించుకెళ్లింది. ఈ అమ్మాయికి నెల రోజులు రెండేసి వడ్డనలు పడాలని వంటాయనతో చెప్పి, ఎదురుగా కుర్చీ లాక్కుని, పళ్లెం ఖాళీ అయ్యేదాకా కూర్చుంది.

ఆ సాయంత్రం మేస్త్రి ఇంట్లో జరిగిందంతా చెప్పాడు. భార్య పని ఆపి పూర్తిగా విని, ఆవిడ సొంతంగా ఎంత తగ్గిందని అడిగింది. తెలీదన్నాడు. నిజంగానే అతనికి తెలీదు. ఏడాది తిరిగేసరికి ఎనిమిది మందీ కలిసి నలభై కిలోలు తగ్గారు, పాటలపిల్ల పోగొట్టుకున్నవి తిరిగి తెచ్చుకున్నాక కూడా. దుప్పట్లక్కకి రక్తపోటు మాత్ర ఒకటి తగ్గించాడు డాక్టరు. మనిషి చూడ్డానికి ఇంకా భారీగానే ఉండేది. లిఫ్టు పనిచేస్తున్నా, రోజుకి ఒక్కసారైనా మెట్లే ఎక్కేది, ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి, రెయిలింగు పట్టుకుని ఊపిరి తీసుకుని. ఓసారి మేస్త్రి ఆవిడ పక్కన నాలుగో అంతస్తు దాకా ఎక్కాడు. మూడో అంతస్తు దగ్గర ఆగింది అతనే. కాస్త కూర్చోండి బాబూ, తొందరేముంది అంది ఆవిడ.