సగం ఎండిన చేప

విశ్వవిద్యాలయం నుంచి ఇంటికి రాగానే నేను మొదట చేసే పని పెరట్లో కుళాయి కింద తలస్నానం. ఆరేళ్లుగా అంతే. మాది ఒడియా ఊళ్లో, బడా బజార్‌లో కిరాణా హోల్‌సేల్ చేసే తెలుగు కుటుంబం. చేప పేరు కూడా గట్టిగా తలవని ఇల్లు. నా పరిశోధనేమో చిలికా సరస్సు రొయ్యల పెంకుల మీద. వాటి నుంచి తీసిన పదార్థాన్ని ఎండుచేపల మీద పల్చటి పూతగా వేస్తే, పురుగుమందు చల్లకుండానే వానాకాలమంతా నిలవుంటాయి. ఇది తేల్చినందుకే నాకు డాక్టరేట్ వచ్చింది.

"తలకి పోసుకోకుండా వంటింట్లోకి రాకు, సాయిపద్మా. ఆ కంపు దేవుడి గదిదాకా వస్తంది" అనేవారు అత్తగారు. జనవరి చలిలోనూ తడిజుట్టుతోనే పప్పుకి తాలింపు వేసేదాన్ని. మా ఆయన రాఘవేంద్ర కంచం ముందు కూర్చుని, "ఏటి సదువో ఇది! శెట్టిగారింటి కోడలు రొయ్యపొట్టు ఏరుకోడం" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఆ మాట ఇంకా పెద్దదయ్యేది.

ఈ ఏడాది విశ్వవిద్యాలయంలోని స్టార్టప్ విభాగం నా పూతను ఎంచుకుంది. కంపెనీ పెడితే స్థలం, యంత్రాలు ఇస్తామని ఉత్తరం రాసింది. పేటెంటుకు దరఖాస్తు కూడా తామే చేస్తామంది. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ కంపు తెలియలేదు. వారం తిరక్కుండా మా ఆయన ఆడిటర్ దగ్గర నుంచి కంపెనీ కాగితాలు తెచ్చారు. స్థాపకుల గడిలో రాఘవేంద్ర. కింది గడిలో సాంకేతిక సలహాదారుగా నేను.

"ఏటంటే, బ్యాంకోళ్లతో, బేపారులతో నువ్వెక్కడ తిరుగుతావు? ల్యాబ్ నువ్వు సూసుకో, మిగతాది నేను సూసుకుంటాను. పేరుదేటుంది, మనిద్దరం ఒకటే కదా."

ఒకటే అయినప్పుడు నా పేరు రాస్తే సరిపోయేది కదా అనుకున్నాను. పైకి అనలేదు. శుక్రవారం సంతకాలు. పనంతా ఎవరిదో ఆయనకు చూపించాలనే పంతంతో నా థీసిస్ తీశాను. మూడుసార్లు పూత పెచ్చులుగా ఊడిపోయాక, నాలుగోసారి నిలిచిందని రాసుకున్న పేజీ దొరికింది. 'చేపలో తేమ నలభై శాతం ఉన్నప్పుడు ముంచాలి' అని రాసుకున్నాను. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, 'స్థానిక మహిళల సహకారంతో'.

స్థానిక మహిళలు కాదు. ఒక్క కాసులమ్మ. ఖల్లికోట దగ్గర చేపలు ఎండబెట్టే మనిషి. రెండేళ్లు ఆమె పెరట్లోనే నా ప్రయోగాలు చేశాను. పూర్తిగా ఎండిన చేపలకు పూత వేస్తుంటే ఒకరోజు నా చేతిలోది లాక్కుని, పందిరి మీది ఇంకో చేపను తోక పట్టుకుని వంచి చూపించింది. "వంగాల, ఇరగకూడదు. అప్పుడు ముంచు." నేను తేమ కొలిచే మీటరు పెట్టి చూస్తే నలభై శాతం వచ్చింది. ఆ అంకె నాదైపోయింది. మా ఆయన రాయించిన గడుల కాగితానికీ ఈ పేజీకీ తేడా ఎంత వెతికినా నాకు దొరకలేదు.

గురువారం రైలెక్కి ఖల్లికోట వెళ్లాను. కాసులమ్మ కూర్చోమనలేదు.

"రాసుకుని ఎల్లిపోయావు. మూడేళ్లయింది. మళ్లీ ఇప్పుడేటి కావాల?"

ఉన్నదున్నట్టు చెప్పాను. పేటెంటు అంటే ఏమిటో, రేపే సంతకాలని చెప్పాను. ఆమె చేపలు తిరగేస్తూనే వింది.

"నా పేరు రాత్తే నీకేటి నష్టం?"

"మా ఇంట్లో గొడవవుతుంది."

"మరి రాయకపోతే?"

ఆమె చేతులు కడుక్కుని, "రేపు ఏ బండికి రావాల?" అంది.

శుక్రవారం స్టార్టప్ విభాగంలో మా ఆయన ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉన్నారు. నా వెనకే వచ్చిన కాసులమ్మను చూసి మొహం ముడిచారు. అధికారి కాగితాలు తిప్పుతూ, "ఎండాక కాకుండా మధ్యలోనే ముంచాలని ఎలా తెలిసింది?" అని ఒడియాలో అడిగాడు.

"అంతా మా ల్యాబ్‌లోనేనండి" అన్నారు మా ఆయన.

"కాదు, ఈవిడ చెప్పింది" అన్నాను.

కాసులమ్మ ఒడియాలోనే చెప్పడం మొదలుపెట్టింది. ఏ నెల ఎండకి ఎన్ని గంటలు, ఏ చేప ఎంత వంగాలి, మబ్బు పడితే ఏం చెయ్యాలి. అధికారి కలం తీసి రాసుకున్నాడు. ఆమె ముగించేదాకా తలెత్తలేదు.

మా ఆయన నా చెవి దగ్గర, "పరువు తీస్తన్నావు. ఇంటికి రా, సెప్తాను" అన్నారు.

"వస్తాను. నేనూ చెప్పాల్సింది ఉంది" అన్నాను.

స్థాపకుల గడిలో ఆయన పేరు కొట్టేసి నా పేరు రాశాను. దాని కింద కాసులమ్మ అని రాసి, పేరు ముందు ఖాళీ చూసి ఆగిపోయాను. మా ఆయన కుర్చీ వెనక్కి జరిపి బయటికి వెళ్లిన చప్పుడు వినిపించింది.

"కాసులమ్మా, మీ ఇంటిపేరేమిటి?"

"సూరాడ" అంది. "ఇన్నాళ్లకి అడిగావు."