తడి ఆరని ఫ్లాస్కులు

బీపీ మాత్రలోకి వెళ్ళే ఒక్క పొడి తయారు చెయ్యడానికి డ్రమ్ములకొద్దీ ఘాటు ద్రావకం కావాలి. వాడాక దాన్ని ఎక్కడో ఒకచోట పారబొయ్యాలి. ఆ పొడినే ఉత్త నీళ్ళతో చేసి చూపిస్తానని ఈ ల్యాబు నడిపే ఆవిడ ఆరేళ్ళుగా పట్టు పట్టింది. అందుకే అందరూ 'నీళ్ళ మేడం' అంటారు. మొదట్లో వెక్కిరింతకి పెట్టిన పేరే. ఉడుక్కునే ఓపిక కూడా అయిపోయాక ఆవిడే ఆ పేరుకి పలకడం మొదలుపెట్టింది.

సోమవారం గ్రాంటు కమిటీ వస్తుంది. 'ద్రావకం సున్నా' అని రుజువైతే మరో మూడేళ్ళు నిధులు. లేదంటే నెలాఖరుకి ల్యాబుకి తాళం. రెండేళ్ళుగా చక్కగా పనిచేస్తున్న ప్రయోగం సరిగ్గా ఈ వారమే మొండికేసింది. ఎన్నిసార్లు చేసినా ఫ్లాస్కులో పొడి పడదు. నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయి, శుక్రవారానికి ఆవిడ స్టూలు మీద కూలబడింది.

శనివారం పొద్దున్నే బాబాయ్ వచ్చాడు. బాబాయ్ అంటే చుట్టమేమీ కాదు, ల్యాబులో గాజుసామాన్లు కడిగే పెద్దాయన. కూతురి కాన్పుకని వారం సెలవు పెడితే అన్నాళ్ళూ ఫ్లాస్కులు ఆవిడే కడుక్కుంది. ఇప్పుడు ఆయన కడిగిచ్చిన దాంట్లో ప్రయోగం పెడితే, మధ్యాహ్నానికల్లా తెల్లగా పొడి పడింది.

సంతోషించాల్సింది పోయి, ఆవిడ అనుమానంగా సింకు దగ్గరికి నడిచింది.

"బాబాయ్, ఫ్లాస్కులు ఎలా కడుగుతావు?"

"ఎప్పట్లాగే అమ్మా. సబ్బు, నీళ్ళు, చివర్లో ఆ మూల డబ్బాలోది కాస్త పోసి, ఓసారి తిప్పి వంచేస్తా. ఇట్టే ఆరిపోతాయి. మీరేమో ఎప్పుడూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటారు. తడి ఫ్లాస్కిస్తే ఊరుకుంటారా?"

మూల డబ్బాలో ఉన్నది ఆ ద్రావకమే, ఆరేళ్ళుగా ఆవిడ గెంటెయ్యాలని చూస్తున్నదే. కడిగాక ఫ్లాస్కు అడుగున మిగిలిన నాలుగు చుక్కలే ఇన్నాళ్ళూ పని నడిపించాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ ఆవిడ తొందర చూసి జాలిపడి వచ్చి కూర్చుంది. ఆవిడకి నవ్వొచ్చింది, సగంలోనే అది ఏడుపైంది.

"తప్పు చేశానా అమ్మా?"

"నాదే తప్పు. ఒక్కరోజూ అడగలేదు."

ఆయన కాసేపు బ్రష్షు చేతిలో తిప్పాడు. "సోమవారం కూడా అలాగే కడిగేస్తా. ఎవరికి తెలుస్తుంది? నాకూ ఇంకా రెండేళ్ళ సర్వీసుంది."

ఆ మాట ఆవిడకి ఎంతో తియ్యగా వినిపించింది. ఆదివారమంతా దాన్నే చప్పరిస్తూ గడిపింది.

సోమవారం కమిటీ ముందు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పేసింది. "సున్నా కాదండీ. డ్రమ్ముకి బదులు నాలుగు చుక్కలు. అది తక్కువ సంగతా?"

కమిటీ పెద్ద కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. ఆయనకిది ఆరోజు మూడో ల్యాబు. "తక్కువేం కాదమ్మా. కానీ ఫారంలో నాలుగు చుక్కలకి గడి లేదు."

నెలాఖరున బాబాయ్ ఫ్లాస్కులన్నీ ఆఖరిసారి కడిగాడు. అలవాటుగా చెయ్యి మూల డబ్బా దాకా వెళ్ళి ఆగింది.

"ఉత్త నీళ్ళతోనే కానివ్వు బాబాయ్."

"ఆరేసరికి సాయంత్రమవుతుందమ్మా."

ఆవిడ స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"అవనీ. ఇప్పుడు మనకి తొందరేముంది?"